గుండె నాళములలో గట్టిపడిన సున్నము



ఈ నెల శీర్షిక అంతా ఒక్క ప్రశ్నకే కేటాయిస్తున్నాను. భావనపాడు నుండి ఒక సహోదరి అడిగినది. ఆమె భర్తకు 60 ఏళ్ళు దాటాయి. సముద్రము మీద బ్రతికిన మనిషి. ఇరవై ఏళ్ళుగా షుగరు ఉంది. మొదట వల లాగేటప్పుడు మాత్రమే రొమ్ము పట్టేసేది. ఇప్పుడు ఇంటి అరుగు మీద కూర్చున్నా పట్టేస్తున్నది. విశాఖపట్నములో యాంజియోగ్రాము తీసి, "నాళములో సున్నము రాయిలాగ గట్టిపడింది, మామూలు బెలూను తెరవలేదు, వజ్రపు రేణువులున్న మరతో అరగదీసి ఆపైన స్టెంటు వేయాలి" అని చెప్పారట. ఇంట్లో రెండు మాటలు వచ్చాయి. కొడుకు వెంటనే చేయించాలంటాడు. మరిది మాత్రము, "గుండెలో మరెట్టి తవ్వడమేటి వదినా, నలభై దినాలు ప్రార్థనలో ఉందుము" అంటాడట. "అయ్యగారూ, ఏటి చెయ్యమంటారు?" అని ఆమె ప్రశ్న.

ఆమెకు చెప్పవలసినది ముందే చెప్పాను, పత్రిక అచ్చయ్యేదాకా ఆగలేదు. కూర్చున్నప్పుడు కూడా నొప్పి వస్తున్నదంటే అది నలభై దినాలు ఆగే జబ్బు కాదు. అయితే ఇదే ప్రశ్న మన సంఘములలో చాలా ఇళ్ళలో ఉన్నది గనుక అందరికోసమూ వివరముగా వ్రాస్తున్నాను.

మొదట ఈ సున్నము సంగతి. తమలపాకుకు రాసుకొనే సున్నమే వెళ్ళి గుండెలో పేరుకొంటుందని మన పల్లెల్లో ఒక నమ్మకము. ఒక పెద్దమ్మ నాతో, "నేను ఆకూ వక్కా మానేశాను బావూ, నాకింక భయము లేదు" అన్నది. మానినందుకు సంతోషమే, అందులోని పొగాకు పోయింది గనుక. కాని నాళములో ఉన్న సున్నము ఆకు మీది సున్నము కాదు.

మన గుండె పిడికెడంత కండ. రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. ఒళ్ళంతటికీ రక్తము పంపే ఈ కండకు కూడా రక్తము కావాలి. దాన్ని తెచ్చే నాళములలో ముఖ్యమైనవి మూడు. వాటి లోపలి వెడల్పు 2 నుండి 4 మిల్లీమీటర్లు మాత్రమే. షుగరు, బి.పి., పొగాకు, రక్తములో కొవ్వు, పైబడే వయస్సు, ఇవన్నీ కలిసి ఆ నాళపు లోపలి గోడను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్నచోట కొవ్వు చేరుతుంది, వాపు పుడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ చోట శరీరమే కాల్షియమును చేర్చి గట్టిపరుస్తుంది. ఇంచుమించు ఎముక కట్టినట్టే కడుతుంది. ఉప్పునీటి బోరున్న ఊళ్ళలో నీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లని పెంకు కడుతుంది కదా. గోటితో గీకితే రాదు. నాళములో కట్టేది కూడా చూపునకు అటువంటిదే.

మెత్తని కొవ్వు అడ్డము ఇసుక మేట వంటిది. మొగలో ఇసుక పూడితే పడవ కొంచెము తోసుకొని పోగలదు. అదే రాయి అయితే పడవే పగులుతుంది. కొవ్వు అడ్డమును బెలూనుతో ప్రక్కలకు ఒత్తి, అది మళ్ళీ మూసుకోకుండ స్టెంటు అనే సన్నని లోహపు జాలీ గొట్టమును నిలబెడతారు. కాని సున్నము గట్టిపడినచోట బెలూను ఉబ్బదు, లేదా ఒకవైపే ఉబ్బి నాళమును చీలుస్తుంది. స్టెంటు అసలు దూరదు. బలవంతముగా దూర్చినా పూర్తిగా విచ్చుకోదు. సగము విచ్చుకున్న స్టెంటులో రక్తము గడ్డకట్టే ప్రమాదము, మళ్ళీ మూసుకుపోయే ప్రమాదము రెండూ ఎక్కువ. అందుకే ముందు రాయిని లొంగదీసి ఆ తరువాతనే స్టెంటు వేస్తామంటారు.

మన జిల్లావారు దీనిని ఇంకొక కారణము చేత కూడా తెలుసుకోవాలి. ఉద్దానము కిడ్నీ జబ్బు మనకు కొత్త కాదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో ఆ జబ్బు తెలియని బంధువర్గము లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రము 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. కిడ్నీలు పాడైనప్పుడు రక్తములో భాస్వరము పేరుకుపోతుంది, కాల్షియముతో దాని లెక్క తప్పుతుంది. అప్పుడు నాళపు గోడలు త్వరగా గట్టిపడతాయి. డయాలసిస్ మీద ఉన్నవారిలో చిన్న వయస్సులోనే ఇది కనబడుతుంది. వారి ప్రాణములను తీసే వాటిలో గుండె జబ్బు ముందు వరుసలో ఉన్నది. మన ఇళ్ళలో కిడ్నీ కాగితాలు ఒక సంచిలో, గుండె కాగితాలు ఒక సంచిలో పెట్టి, ఆ డాక్టరుకు అవి, ఈ డాక్టరుకు ఇవి చూపిస్తారు. రెండూ ఒకే సంచిలో ఉండాలి. ఎందుకంటే యాంజియోగ్రాములో వాడే రంగు మందు బలహీనమైన కిడ్నీని ఇంకా దెబ్బతీయగలదు. క్రియాటినిన్ ఎంత ఉన్నదో ముందే తెలిస్తే డాక్టర్లు ఆ మందును తగ్గించి, ఒంట్లో నీరు తగినంత ఉండేటట్టు చూసుకొని చేస్తారు. ఒళ్ళు నొప్పులకని కొట్లో కొనుక్కొనే మాత్రల సంగతి కూడా దాచవద్దు. వాటిలో చాలా వాటికి కిడ్నీతోను, గుండెతోను పడదు.

ఇంకొక మాట తల్లులకు. మన తీర గ్రామములలో కొందరు పెద్దమ్మలు చుట్టను వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని త్రాగుతారు. అడ్డపొగ అంటాము. అంగిట్లో క్యాన్సరు వస్తుందని అందరూ విన్నదే. అదే పొగ గుండె నాళములను కూడా పాడుచేస్తుందని చెప్పేవారు తక్కువ. గుండె జబ్బు మగవారిదేనని అనుకొనే ఇళ్ళలో ఆడవారి ఆయాసమునకు గ్యాసు మాత్ర దొరుకుతుంది, ఇ.సి.జి. దొరకదు.

ఇప్పుడు ఆ వైద్యము ఎక్కడినుండి వచ్చిందో కొంచెము చెబుతాను. 1977 సెప్టెంబరు 16న స్విట్జర్లాండులోని జ్యూరిచ్ నగరములో ఆండ్రియాస్ గ్రుంట్సిగ్ అనే డాక్టరు మొదటిసారి మెలకువగా ఉన్న మనిషి గుండె నాళములో బెలూను ఊది అడ్డమును తెరిచాడు. అంతవరకు రొమ్ము ఎముక కోసి చేసే బైపాసు ఒక్కటే దారి. 1986లో ఫ్రాన్సులోను స్విట్జర్లాండులోను మొదటి స్టెంట్లు వేశారు. సున్నమును అరగదీసే మరను డేవిడ్ ఆత్ అనే అమెరికా ఇంజనీరు తయారుచేశాడు. మనుష్యుల గుండె నాళములలో 1988లో మొదట వాడారు, 1993లో అమెరికా ప్రభుత్వము అనుమతించింది. మన తెలుగు దేశము కూడా ఈ కథలో ఉన్నది. హైదరాబాదులో డాక్టర్ బి. సోమరాజు గారు, అప్పుడు రక్షణ పరిశోధనలో ఉన్న ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు కలిసి తక్కువ ధరకు మన దేశములోనే స్టెంటు తయారుచేయించారు. 1998లో వచ్చిన దానికి కలాం-రాజు స్టెంటు అని పేరు. క్షిపణుల కోసము నేర్చిన లోహ విద్య పేదవాని గుండెకు ఉపయోగపడడము నాకు ఎప్పుడు తలచుకొన్నా బాగుంటుంది.

మర అనగానే మరిదిగారు బావి తవ్వే బోరు బండిని ఊహించుకున్నారేమో. అసలు జరిగేది ఇది. మణికట్టు దగ్గర గాని గజ్జ దగ్గర గాని మత్తు సూది వేస్తారు. ఆ చోటు మాత్రమే తిమ్మిరి ఎక్కుతుంది, మనిషి మెలకువగానే ఉంటాడు. అక్కడి నాళము గుండా సన్నని గొట్టమును గుండె వరకు పంపి, దానిలోనుండి వెంట్రుక వంటి తీగను అడ్డము దాటిస్తారు. ఆ తీగ మీదుగా ఒక చిన్న గింజ పోతుంది. దానిని బర్రు అంటారు. చాలాసార్లు వాడేవి ఒకటింబావు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పువి. దాని ముందుభాగములో సన్నని వజ్రపు రేణువులు అతికి ఉంటాయి. అది నిమిషమునకు సుమారు ఒకటిన్నర లక్షల సార్లు తిరుగుతుంది. ఏకబిగిన పోనివ్వరు. కొన్ని సెకండ్లు ముందుకు తాకించి వెనుకకు తీస్తారు, రక్తము సర్దుకోనిచ్చి మళ్ళీ తాకిస్తారు.

"అంత వేగముగా తిరిగేది మెత్తని నాళమును కోయదా?" అని అడుగుతారు. మన సహోదరీలు చేప పొలుసు తీసేటప్పుడు చూడండి. కత్తి గట్టి పొలుసును లేపుతుంది, మెత్తని తోలు కత్తి క్రింద వంగి తప్పించుకుంటుంది. ఇక్కడ కూడా సూత్రము అదే. గట్టి సున్నము అరుగుతుంది, సాగే గోడ ప్రక్కకు ఒదుగుతుంది. రాలిన పొడి చాలావరకు ఎర్ర రక్తకణమును మించని పరిమాణములో ఉంటుంది గనుక రక్తముతో సాగిపోతుంది, శరీరమే దానిని ఏరివేస్తుంది. సున్నమంతా ఊడ్చి తీసివేస్తారని మాత్రము అనుకోవద్దు. బెలూను ఉబ్బడానికి, స్టెంటు విచ్చుకోవడానికి చాలినంత అరగదీస్తారు, అంతే. ఆ తరువాత బెలూను, ఆ తరువాత స్టెంటు. మంచి వసతులున్నచోట నాళము లోపలికి చిన్న కెమెరా వంటి పరికరమును పంపి సున్నము ఎంత మందమున్నదో ముందు చూస్తారు, స్టెంటు గోడకు ఆనిందో లేదో తరువాత చూస్తారు.

ఇప్పుడు ఇంకొక పద్ధతి కూడా వచ్చింది. కిడ్నీ రాళ్ళను ధ్వని తరంగాలతో బయటినుండే పగులగొట్టే వైద్యము 1980లో జర్మనీలో మొదలైంది. అదే సూత్రమును బెలూనులో ఇమిడ్చి నాళములోని సున్నమును పగుళ్ళు తీయిస్తున్నారు. దీనికి గుండె నాళములలో వాడడానికి అమెరికాలో 2021లో అనుమతి వచ్చింది. మన దేశములోని పెద్ద ఆసుపత్రులలోనూ చేస్తున్నారు. ఖరీదు ఎక్కువ. బెలూను అసలు దూరని ఇరుకులో దీనితో పని కాదు, అక్కడ ముందు అరగదీసే మరే దారి చేయాలి.

ఇంత చెప్పి, సున్నము అన్నవారందరికీ మర కావాలని నేననడము లేదు. 2024లో అమెరికానుండి ఒక పెద్ద పరిశోధన ఫలితము వచ్చింది. నాళములలో సున్నము బాగా పట్టిన సుమారు 2,000 మందిని రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ముందుగా మరతో అరగదీశారు, రెండవ గుంపుకు తగిన బెలూన్లతోనే దారి చేశారు. ఏడాది తరువాత చూస్తే రెండు గుంపులకూ పెద్ద తేడా లేదు. అంటే బెలూను లొంగదీయగలిగినచోట మర అనవసరము, బెలూనుకు లొంగని చోటనే దాని అవసరము. అలాగే బరువు పని చేస్తేనే నొప్పి వచ్చి, కూర్చుంటే తగ్గిపోయే నిలకడైన జబ్బులో, మందులు బాగా వాడినవారికి, ముందుగానే స్టెంటో బైపాసో చేయించుకున్నవారికి మరణాలలో తేడా కనబడలేదని 2020లో అచ్చైన మరొక పెద్ద పరిశోధన చెప్పింది. నొప్పి తగ్గడములో స్టెంటు మేలు చేసింది, అది వేరే మాట. షుగరు ఉండి రెండు మూడు నాళములు మూసుకుపోయినవారికి స్టెంట్ల కంటె బైపాసే ఎక్కువ మేలని 2012లో తేలింది. కాబట్టి మన భావనపాడు కుటుంబము అడగవలసిన మొదటి ప్రశ్న, "అయ్యా, మా మనిషికి బైపాసు మంచిదా, ఇది మంచిదా, ఎందుకు?" అన్నది. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపము తెచ్చుకోడు.

ప్రమాదములు కూడా దాచను. నాళమునకు చిల్లు పడవచ్చు. రక్తము పారడము మందగించవచ్చు. గుండె వేగము పడిపోయి కాసేపు పేస్‌మేకరు తీగ పెట్టవలసి రావచ్చు. అరుదుగా బర్రు ఇరుక్కుపోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అందుకే ఇది తరచుగా చేసే చేతులున్నచోట, అవసరమైతే గుండె ఆపరేషను చేసే డాక్టరు అందుబాటులో ఉన్నచోట చేయించుకోవాలి.

ఇక మరిదిగారి మాట. ఆయన భక్తిని నేను తక్కువ చేయను. కాని యెషయా గ్రంథము 38వ అధ్యాయము తీసి చదువుకొమ్మని ఆయనను అడుగుతున్నాను. హిజ్కియా మరణకరమైన రోగములో గోడవైపు తిరిగి ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ఆలకించాడు, 15 సంవత్సరముల ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు. అంతటి వాగ్దానము చేతిలో ఉండగా అదే ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టించాడు. అంజూరపు కట్టు కట్టించుకున్నందుకు హిజ్కియాను ఎవరూ అవిశ్వాసి అనలేదు. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. మన సోంపేటలో కెనడా బాప్తిస్టు మిషనరీలు కంటి ఆసుపత్రి నడిపారు. డాక్టర్ బెన్ గులిసన్ గారు అక్కడి గుడ్డివారి సంగతి తన దేశములో చెప్పగా 1963లో కాల్గరీ పట్టణములో ఒక సహాయ సంస్థయే పుట్టింది. అక్కడ శుక్లములు తీయించుకొని బైబిలు చదువుకున్న మన తాతలకు విశ్వాసము తక్కువని ఎవరైనా అంటారా?

ఇంకొకటి. యెహెజ్కేలు చెప్పిన రాతి గుండె వేరు, ఈ రాయి వేరు. రెంటినీ కలిపి పుల్పిట్టు మీదనుండి ప్రసంగించి, రోగిని పాపివలె కూర్చోబెట్టే బోధ నేను విన్నాను. సున్నము పట్టిన నాళములతో ప్రభువునొద్దకు వెళ్ళిన భక్తులున్నారు, నిగనిగలాడే నాళములతో తిరిగే దుర్మార్గులున్నారు. ప్రార్థన చేద్దాము, తప్పక చేద్దాము. ఆసుపత్రి వరండాలో కూడా చేయవచ్చు.

డబ్బు సంగతి. వలో పడవో తాకట్టు పెట్టడానికి ముందు ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి. ఆరోగ్యశ్రీ పథకము 2007 ఏప్రిల్ 1న మొదట మొదలైన మూడు జిల్లాలలో మన శ్రీకాకుళము ఒకటి. ప్రభుత్వములు మారినప్పుడు పేరు మారింది, ఇప్పుడు ఎన్.టి.ఆర్. వైద్య సేవ అంటున్నారు. స్టెంటుతో పాటు ఈ మర ఖర్చు, ప్రత్యేక బెలూను ఖర్చు అందులో వస్తాయా, చేతినుండి ఎంత పెట్టుకోవాలి అన్నది చేరకముందే కాగితము మీద వ్రాయించుకోండి. 2017 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వము మందు పూసిన స్టెంటు ధర 29,600 రూపాయలకు మించరాదని కట్టడి చేసింది. అంతకుముందు అవి లక్ష దాటి అమ్ముడుపోయేవి. తరువాత ఆ ధర కొంచెము అటు ఇటు మారుతున్నది. కాని ఆ కట్టడి స్టెంటుకే. బర్రుకు, తీగలకు, ప్రత్యేక బెలూనులకు వేరే బిల్లు వస్తుంది. బిల్లు చూసి ఆశ్చర్యపోయే కుటుంబములు ఇక్కడే ఆశ్చర్యపోతాయి.

అకస్మాత్తుగా రొమ్ములో బరువు పడి, చెమట పట్టి, ఎడమ చెయ్యి గాని దవడ గాని లాగితే అది వేరే అత్యవసరము. సోడా తాగించి చూద్దామని కూర్చోవద్దు. 108కి ఫోను చేయండి. ముందు టెక్కలి ఆసుపత్రికి చేర్చి ఇ.సి.జి. తీయించండి. గుండెపోటు అని తేలితే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షను మొదటి గంటలలో ఎంత మేలు చేస్తుందో తరువాత అంత చేయదు. విశాఖపట్నము 150 కిలోమీటర్ల పైమాట. కారు మాట్లాడుకొని నేరుగా అక్కడికే పోదామని బయలుదేరి దారిలో విలువైన గంటలు పోగొట్టుకుంటున్నారు.

స్టెంటు వేయించుకొని వచ్చాక చాలామంది జబ్బు తీరిపోయిందనుకుంటారు. నాకు ఎక్కువ భయము ఇక్కడే. ఆస్పిరినుతో పాటు గడ్డకట్టకుండ చేసే రెండవ మాత్ర ఒకటి ఇస్తారు. రెండూ కలిపి మామూలుగా ఆరు నెలలనుండి ఏడాది వరకు వాడాలి, గుండెపోటు వచ్చినవారు ఏడాది. ఆ తరువాత కూడా ఒకటి నడుస్తుంది, కొవ్వు మాత్ర నడుస్తుంది. లోపలి లోహము మీద నాళపు లోపలి పొర ఎక్కేదాకా మాత్ర మానితే స్టెంటులో ఒక్కసారిగా రక్తము గడ్డకట్టవచ్చు. అది ప్రాణము మీదికి వస్తుంది. పన్ను పీకించుకోవడానికి మానవద్దు, ముందు గుండె డాక్టరును అడగండి. స్వస్థత కూటములో చేతులుంచి ప్రార్థించారని మాత్రల డబ్బా పారవేయవద్దు. దేవుడు బాగుచేసిన సంగతి డాక్టరు పరీక్షలో కూడా తెలుస్తుంది, అప్పుడు ఆయనే మానిపిస్తాడు. శ్రమదినములలో ఉపవాసమున్నా మాత్రలు ఆపవద్దు. షుగరు మందు గాని ఇన్సులిను గాని వాడేవారు డాక్టరును అడగకుండ పూటంతా పస్తు ఉండవద్దు. ఎండు చేపల కూర, ఊరగాయ, వీటిలోని ఉప్పు బి.పి.ని లేపుతుంది. నౌపడ మడుల ప్రక్కన కాపురముండి ఉప్పు తగ్గించమంటే నవ్వుతారు గాని, తగ్గించండి.

మన తీరములో అక్టోబరు, నవంబరు నెలలు తుపాను నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు చెట్లు, స్తంభములు కూలి, రోజుల తరబడి కరెంటు లేక ఊళ్ళు చీకట్లో ఉన్నాయి. గనుక దసరా వెళ్ళేసరికి నెల దినములకు సరిపడే మాత్రలు ఇంట్లో ఉంచుకోండి. యాంజియోగ్రాము సి.డి., డిశ్చార్జి కాగితము, స్టెంటు కార్డు మూడింటినీ నీరు దూరని కవరులో పెట్టి గట్టిగా ముడి వేయండి. తుపాను షెల్టరుకు వెళ్ళేటప్పుడు బైబిలు సంచిలోనే అది కూడా ఉండాలి. సంచి ఎక్కడున్నదో ఇంట్లో పిల్లలకు కూడా తెలియాలి.